ఐటీఐలో చేరే ముందు ట్రేడును, వర్క్‌షాపును ఎంచుకోవడం ఎలా?

పదో తరగతి ఫలితాలు వచ్చాక ఇంట్లో మొదలయ్యే చర్చలో పారిశ్రామిక శిక్షణ సంస్థ, అంటే ఐటీఐ, పేరు సాధారణంగా అన్నిటికన్నా చివర వస్తుంది, అది కూడా మార్కులు తక్కువ వచ్చిన పిల్లల విషయంలోనే వస్తుంది. చేరుదామని నిశ్చయించుకున్నవారు సైతం ముందుగా అడిగే ప్రశ్న ‘ఏ ఐటీఐ మంచిది?’ అన్నదే. ఆ ప్రశ్న అడగవలసినదే గాని, దాని స్థానం రెండోది. మొదట తేలవలసినది ట్రేడు, అంటే నేర్చుకోబోయే వృత్తి. ఆ తరువాతే, ఆ ట్రేడు వర్క్‌షాపు అందుబాటులో ఉన్న సంస్థలలో ఎక్కడ సక్రమంగా నడుస్తున్నదో చూసుకోవాలి. ఒకే ప్రాంగణంలో ఫిట్టరు విభాగం చక్కగా నడుస్తూ ఉండగా, పక్క షెడ్డులోని మరొక విభాగంలో ఇన్‌స్ట్రక్టరు పోస్టు ఖాళీగా ఉండటం అరుదైన సంగతేమీ కాదు. అందువల్ల సంస్థ పేరు ఒక్కటే చూసి చేరినవారు తమకు దొరికిన విభాగం ఎలాంటిదో చేరిన తరువాత గాని తెలుసుకోలేరు.

ముందుగా ఈ వ్యవస్థ స్వరూపాన్ని కొంత తెలుసుకోవడం అవసరం. కేంద్ర ప్రభుత్వం 1950లో ప్రారంభించిన చేతివృత్తుల శిక్షణ పథకం కింద ఐటీఐలు ఏర్పడ్డాయి. ట్రేడుల పాఠ్యప్రణాళిక, అనుబంధ గుర్తింపు, అఖిల భారత స్థాయి పరీక్ష, ధ్రువపత్రం అనే నాలుగూ కేంద్ర నైపుణ్యాభివృద్ధి శాఖలోని శిక్షణ డైరెక్టరేట్ జనరల్, అంటే వాడుకలో డీజీటీ, చేతిలో ఉంటాయి. ప్రవేశాలు, ప్రభుత్వ సంస్థల నిర్వహణ, సిబ్బంది నియామకం వంటివి రాష్ట్ర ఉపాధి, శిక్షణ శాఖలు చూసుకుంటాయి. దేశంలో ఇప్పుడు 14 వేలకు పైగా ఐటీఐలు ఉండగా, వాటిలో ప్రభుత్వానివి మూడు వేల పైచిలుకు మాత్రమే, మిగిలినవన్నీ ప్రైవేటువి. పాలిటెక్నిక్‌కూ ఐటీఐకీ తేడా అడిగేవారు చాలామంది ఉన్నారు. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్ల చదువు, దానికి పాలిసెట్ రాయాలి, అందులో సిద్ధాంత భాగం ఎక్కువ. ఐటీఐలో చేరడానికి ప్రవేశ పరీక్ష లేదు, మార్కుల ఆధారంగా సీటు ఇస్తారు, శిక్షణ సమయంలో అత్యధిక భాగం వర్క్‌షాపులోనే గడుస్తుంది.

అర్హత, కాలపరిమితి

శిక్షణ మొదలయ్యే నాటికి అభ్యర్థికి 14 ఏళ్లు నిండి ఉండాలి. విద్యార్హత ట్రేడును బట్టి మారుతుంది. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్ వంటి రెండేళ్ల ట్రేడులకు గణితం, సామాన్యశాస్త్రం చదివి పదో తరగతి ఉత్తీర్ణులై ఉండాలి. వెల్డర్, వైర్‌మన్, కార్పెంటర్ వంటి కొన్నిటికి ఎనిమిదో తరగతి ఉత్తీర్ణత సరిపోతుంది. వీటిలో వెల్డర్, కార్పెంటర్ ఒక సంవత్సరం ట్రేడులు, వైర్‌మన్ రెండేళ్లది. కోపా అని అందరూ పిలిచే కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడు, డీజిల్ మెకానిక్ ఒక సంవత్సరంవి, వీటికి పదో తరగతి కావాలి. డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ రెండేళ్లది.

పదో తరగతి తప్పినవారికి ఎనిమిదో తరగతి అర్హత ఉన్న ట్రేడు మంచి దారే. అయితే వారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. రైల్వేలోను, ప్రభుత్వ రంగ సంస్థలలోను టెక్నీషియన్ ఉద్యోగాలకు ఐటీఐ ధ్రువపత్రంతో పాటు పదో తరగతి ఉత్తీర్ణత కూడా అడుగుతారు. కాబట్టి శిక్షణ పొందుతూనే సప్లిమెంటరీ ద్వారా గాని, సార్వత్రిక విద్యాపీఠం ద్వారా గాని పదో తరగతి పూర్తి చేసుకోవడం మేలు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థతో డీజీటీకి 2016లో కుదిరిన ఒప్పందం వల్ల ఐటీఐ అభ్యర్థులు తమ ట్రేడు మార్కులను బదలాయించుకొని, భాషా పరీక్షతో పాటు నిర్దేశించిన సబ్జెక్టులు రాసి పాఠశాల విద్యకు సమానమైన అర్హత పొందే వీలు కలిగింది.

ట్రేడును నిర్ణయించుకోవడం

ట్రేడు ఎంపికలో చాలామంది పొరబడేది ఇక్కడే. బంధువులలో ఎవరో ఎలక్ట్రీషియన్‌గా స్థిరపడ్డారని ఎలక్ట్రీషియన్ తీసుకుంటారు, లేదా అన్నిటికన్నా ముందుగా సీట్లు నిండేది అదే కాబట్టి అదే గొప్పదనుకుంటారు. ట్రేడు పేరు కాక, ఆ ట్రేడు చేసేవాడి రోజు ఎలా గడుస్తుందో చూడాలి.

ఫిట్టరు ట్రేడునే తీసుకుందాం. మొదటి నెలల్లో శిక్షణార్థి చేసే పని ముఖ్యంగా ఆకురాయి పట్టడం, హాక్సాతో కోయడం, ఇనుప పలక మీద గీతలు గీసి చుక్కలు కొట్టడం. వైస్‌లో బిగించిన ముక్కను చదునుగా, మూలమట్టానికి సరిపోయేలా రాకడానికి గంటలకొద్దీ నిలబడాలి. వెర్నియర్ కాలిపర్‌తో 0.02 మిల్లీమీటరు వరకు, మైక్రోమీటరుతో 0.01 మిల్లీమీటరు వరకు కొలవడం నేర్చుకుంటారు. ఒక ముక్కలోకి మరొక ముక్క వెలుతురు కనిపించకుండా ఇమడాలి, ఇమడకపోతే మళ్లీ కొత్త ముక్కతో మొదలుపెట్టాలి. దీనికి కావలసినది కండబలం కన్నా ఓపిక. చేసిన పనిని తానే కొలిచి తప్పు పట్టుకోగలిగిన స్వభావం ఉన్నవారికి ఈ ట్రేడు అబ్బుతుంది. యంత్రాలు ఉన్న ప్రతి కర్మాగారంలోను, విద్యుత్ కేంద్రంలోను, గనిలోను ఫిట్టరు కావాలి గనుక అవకాశాల విస్తృతిలో దీనికి సాటి వచ్చేవి తక్కువ.

ఎలక్ట్రీషియన్ పని వేరు. మొదటి సంవత్సరంలో తీగల అతుకులు, సోల్డరింగ్, ఎర్తింగ్, మెగ్గరుతో ఇన్సులేషన్ పరీక్ష, ఇంటి వైరింగ్, ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. రెండో సంవత్సరంలో డీసీ యంత్రాలు, మోటార్లు, ఆల్టర్నేటర్లు, వైండింగ్, కంట్రోల్ ప్యానెళ్లు, విద్యుత్ పంపిణీ ఉంటాయి. 230 వోల్టుల సింగిల్ ఫేజు, 415 వోల్టుల త్రీ ఫేజు సరఫరాతో పనిచేసే ఈ ట్రేడులో తొందరపాటు మనిషికి చోటు లేదు. స్విచ్చి ఆపి, పరీక్షించి, అప్పుడే చేయి పెట్టే అలవాటు మొదటి నెలలోనే రావాలి. విద్యుత్ పంపిణీ సంస్థలలో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగం లక్ష్యంగా పెట్టుకున్నవారు స్తంభం ఎక్కే పరీక్ష కూడా ఉంటుందని ముందే తెలుసుకోవాలి. ఎత్తు చూస్తే తల తిరిగేవారు వైండింగు, ప్యానెలు పనుల వైపు దృష్టి పెట్టవచ్చు.

వెల్డరు ట్రేడును మన దగ్గర తక్కువగా చూస్తారు. నా ఉద్దేశంలో ఇది అన్యాయం. ఒక సంవత్సరంలో పూర్తయ్యే ట్రేడులలో, చేతినేర్పును బట్టి సంపాదన పెరిగే అవకాశం దీనిలో ఎక్కువ. ఆర్క్, గ్యాస్ వెల్డింగుతో మొదలై మిగ్, టిగ్ వెల్డింగు వరకు నేర్పుతారు. బల్ల మీద పరచిన పలకను అతకడం సులువు. నిలువుగా, తల మీదుగా, కదల్చడానికి వీలులేని గొట్టం చుట్టూ తిరుగుతూ అతకడం కష్టం. ఏటవాలుగా బిగించిన గొట్టాన్ని అతికే 6జీ పరీక్షలో నెగ్గినవారికి పైపులైను పనులలో, నౌకా నిర్మాణంలో, చమురు శుద్ధి కర్మాగారాలలో ఉండే గిరాకీ వేరు. అయితే వేడిని, పొగను, కళ్లకు కలిగే ఇబ్బందిని తట్టుకోవాలి. శిరస్త్రాణం, చేతితొడుగులు, తోలు ఆప్రాన్ లేకుండా పని చేయించే చోట చేరకూడదు.

కోపా విషయంలో కొంచెం కఠినంగానే చెప్పవలసి ఉంది. కుర్చీలో కూర్చొని చేసే పని అని, దుమ్మూ ధూళీ అంటవని ఎక్కువమంది దీనిని ఎంచుకుంటారు. డేటా ఎంట్రీ, కార్యాలయ పనులకు ఇది ఉపయోగపడుతుంది గాని, అదే పనికి డిగ్రీ చదివినవారితో పోటీ పడవలసి వస్తుంది. టైపింగులో వేగం, లెక్కల ప్యాకేజీలలో పట్టు లేకుండా ధ్రువపత్రం ఒక్కటే పెద్దగా సాయపడదు.

తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే కార్యక్రమం 2024లో మొదలైంది. రోబోటిక్స్, సీఎన్‌సీ మెషినింగ్, విద్యుత్ వాహనాల మెకానిక్ వంటి కొత్త ట్రేడులు వాటిలో ప్రవేశపెట్టారు. యంత్రాలు కొత్తవి కావడం గొప్ప ఆకర్షణే. కాని చేరే ముందు ఆ ట్రేడుకు యంత్రాలు బిగించి శిక్షణ మొదలైందా, నేర్పేవారు వచ్చారా అన్నది ఆ సంస్థలో అడిగి తెలుసుకోవాలి. ఉద్యోగ ప్రకటనలలో అర్హతగా పేర్కొనే ట్రేడుల జాబితాలో పాత ట్రేడుల పేర్లే ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి, ప్రభుత్వ ఉద్యోగం ముఖ్యమనుకునేవారు ఆ జాబితాలు చూసుకొని నిర్ణయించుకోవాలి. ప్రైవేటు పరిశ్రమలో పనిచేయదలచినవారికి ఈ చింత అంతగా అక్కరలేదు.

ఇంకొక విషయం ఎవరూ ముందుగా చెప్పరు. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్, అంటే రైలింజను సహాయ చోదకుడి, ఉద్యోగానికి పదో తరగతితో పాటు నిర్దిష్ట ట్రేడులలో ఐటీఐ ఉంటే అర్హత లభిస్తుంది. కాని ఆ ఉద్యోగానికి కంటిచూపు ప్రమాణాలు రైల్వేలోకెల్లా కఠినమైనవి, కళ్లద్దాలు లేకుండానే పూర్తి చూపు ఉండాలి, రంగులు స్పష్టంగా గుర్తించగలగాలి. ఆ ఉద్యోగం కోసమే ట్రేడు ఎంచుకునేవారు చేరక ముందే కంటి వైద్యుడి దగ్గర చూపు, రంగుల గుర్తింపు పరీక్షలు చేయించుకోవడం మంచిది. రంగుల తేడా తెలియనివారు తీగల రంగులతో నిత్యం పని ఉండే ఎలక్ట్రీషియన్, ఎలక్ట్రానిక్స్ ట్రేడులకు కూడా దూరంగా ఉండటం క్షేమం.

గుర్తింపును సరిచూసుకోవడం

ట్రేడు తేలిన తరువాత, అది నేర్పే సంస్థల జాబితా తయారు చేసుకోవాలి. ఇక్కడ చూడవలసినది సంస్థకు గుర్తింపు ఉందా అన్నది మాత్రమే కాదు. డీజీటీ అనుబంధ గుర్తింపును ట్రేడు వారీగా, యూనిట్ల వారీగా ఇస్తుంది. యూనిట్ అంటే ఒక ఇన్‌స్ట్రక్టరు కింద ఒక షిఫ్టులో శిక్షణ పొందే బృందం. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, వెల్డర్ ట్రేడులకు యూనిట్‌లో 20 మంది, కోపా వంటివాటికి 24 మంది ఉంటారు. ఒక సంస్థకు ఫిట్టరులో రెండు యూనిట్లకు గుర్తింపు ఉండి, ఎలక్ట్రీషియనులో ఒక్క యూనిట్‌కే ఉండవచ్చు. ఉన్న సీట్లకు మించి చేర్చుకున్న అభ్యర్థుల పేర్లు డీజీటీ పోర్టల్‌లో నమోదు కావు. పేరు నమోదు కాకపోతే హాల్ టికెట్ రాదు, ఆ సంవత్సరం పోయినట్టే.

స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ పోర్టల్‌లో జిల్లా, సంస్థ, ట్రేడు వారీగా ఈ వివరాలు చూడవచ్చు. సంస్థ కోడు అడిగి తీసుకొని దానితో వెతికితే పేర్ల పోలిక వల్ల కలిగే గందరగోళం ఉండదు. సంస్థ బోర్డు మీద ‘సాంకేతిక శిక్షణ కేంద్రం’ అని ఉన్నంతమాత్రాన అది ఐటీఐ కాదు. కొన్ని కేంద్రాలు మూడు నెలలు, ఆరు నెలల కోర్సులు నడుపుతూ తమ సొంత ధ్రువపత్రాలు ఇస్తాయి. అవి పని నేర్చుకోవడానికి పనికిరావచ్చు గాని, జాతీయ ట్రేడు ధ్రువపత్రం అడిగే ఉద్యోగానికి చెల్లవు. డీజీటీ ఐటీఐలకు ఇచ్చే గ్రేడు కూడా అందుబాటులో ఉంటుంది. దానిని ఒక సూచనగా తీసుకోవచ్చు. అది మొత్తం సంస్థకు ఇచ్చిన గ్రేడు గనుక, మీరు చేరబోయే విభాగం గురించి అది పూర్తిగా చెప్పదు.

వర్క్‌షాపును స్వయంగా చూడటం

దరఖాస్తులో ఐచ్ఛికాలు నింపే ముందే అభ్యర్థి, తల్లి గాని తండ్రి గాని కలిసి సంస్థకు వెళ్లి చూడటం ఈ మొత్తం ప్రక్రియలో అతి ముఖ్యమైన పని. దీనికి ఒక పూట చాలు. శిక్షణ జరుగుతున్న రోజున, పని వేళల్లో వెళ్లాలి. సెలవుల్లో తాళాలు వేసిన షెడ్డులను చూసినందువల్ల ప్రయోజనం లేదు. ముందు ప్రిన్సిపాల్ గదికి వెళ్లి అనుమతి అడగాలి. ప్రభుత్వ సంస్థలలో సాధారణంగా అభ్యంతరం చెప్పరు. విభాగం చూపించడానికి ఒప్పుకోని ప్రైవేటు సంస్థను జాబితా నుంచి తీసేయడమే మేలు.

లోపలికి వెళ్లాక మొదట నేలను చూడాలి. ఫిట్టరు విభాగంలో వైసుల కింద ఇనుపరజను, టర్నర్ విభాగంలో లేతు యంత్రం కింద చుట్టలు చుట్టుకున్న ఇనుప తునకలు, వెల్డింగ్ బూతులో వాడిపారేసిన ఎలక్ట్రోడు ముక్కలు కనిపిస్తే అక్కడ పని జరుగుతున్నదని అర్థం. కొత్త యంత్రాల మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తొలగించకపోతే, లేదా యంత్రాల మీద దుమ్ము పేరుకొని ఉంటే, అవి తనిఖీల కోసం ఉన్నవే గాని నేర్పడం కోసం కాదు. తరువాత లెక్క చూడాలి. 20 మందికి ఎన్ని వైసులు ఉన్నాయి, ఎన్ని లేతులు పనిచేస్తున్నాయి, ఎన్ని మల్టీమీటర్లు బయట ఉన్నాయి? పది యంత్రాలుండి అందులో ఆరు మూలనపడి ఉంటే, నాలుగింటి దగ్గర ఇరవైమంది వంతులవారీగా నిలబడవలసి వస్తుంది.

ముడిసరుకు గురించి అడగడం చాలామందికి తోచదు. శిక్షణార్థికి ఇనుప ముక్కలు, ఎలక్ట్రోడ్లు, తీగలు, గ్యాస్ నెలనెలా అందుతున్నాయా అన్నదాని మీదే నేర్చుకొనే పని ఆధారపడి ఉంటుంది. ఈ మాట ప్రిన్సిపాల్‌ను కాక, రెండో సంవత్సరం శిక్షణార్థులను అడిగితే నిజం తెలుస్తుంది. ‘ఈ నెలలో ఏం జాబ్ చేశారు?’ అని అడగండి. జాబ్ అంటే వారు తయారు చేసిన వస్తువు. చేసినవారు చేతులతో చూపిస్తూ, ఎక్కడ తప్పిందో కూడా చెబుతారు. చేయనివారు రికార్డు పుస్తకం చూపిస్తారు.

ఇన్‌స్ట్రక్టరు గురించి రెండు సంగతులు తెలుసుకోవాలి. ఆ ట్రేడుకు ప్రత్యేకంగా ఇన్‌స్ట్రక్టరు ఉన్నారా, లేక వేరే ట్రేడువారు అదనంగా చూస్తున్నారా అన్నది మొదటిది. ఆయన బోధకుల శిక్షణ, అంటే సీఐటీఎస్, పూర్తి చేశారా అన్నది రెండోది. హైదరాబాదులోని విద్యానగర్, రామంతాపూర్‌లలో ఉన్న జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థలు ఈ శిక్షణ ఇస్తాయి. పరిశ్రమలో కొన్నేళ్లు పనిచేసి వచ్చిన ఇన్‌స్ట్రక్టరు దొరికితే అది శిక్షణార్థి అదృష్టం. గోడల మీద భద్రతా సూచనలు ఎన్ని ఉన్నాయన్నదాని కన్నా, గ్రైండరు దగ్గర నిలబడ్డ కుర్రవాడు రక్షణ కళ్లద్దాలు పెట్టుకున్నాడా లేదా అన్నది చూడండి, ఇన్‌స్ట్రక్టరు ఎలాంటివాడో అదే చెబుతుంది.

దరఖాస్తు, ధ్రువపత్రాలు

రెండు తెలుగు రాష్ట్రాలలోను పదో తరగతి ఫలితాల తరువాత ఉపాధి, శిక్షణ శాఖ ప్రకటన ఇస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేసి, ఐచ్ఛికాలను ప్రాధాన్య క్రమంలో నింపాలి. మార్కులు, రిజర్వేషన్ల ఆధారంగా విడతలవారీగా సీట్లు ఇస్తారు. మొదటి విడతలో కోరిన ట్రేడు రాకపోయినా కంగారుపడవలసిన పనిలేదు. పాలిటెక్నిక్‌లోను, ఇంటర్‌లోను సీట్లు వచ్చినవారు వెళ్లిపోవడం వల్ల తరువాతి విడతలలో మంచి సీట్లు ఖాళీ అవుతాయి. సంస్థ పేరు కన్నా ట్రేడుకు ప్రాధాన్యం ఇవ్వాలన్న సూత్రం ఐచ్ఛికాలు నింపేటప్పుడే అక్కరకు వస్తుంది. మీరు వెళ్లి చూసి వచ్చిన సంస్థలన్నిటిలో కోరుకున్న ట్రేడును ముందు వరుసగా పెట్టి, రెండో ట్రేడును ఆ తరువాత పెట్టాలి.

పదో తరగతి మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్, ఫొటోలు సిద్ధంగా ఉంచుకోవాలి. వీటిలో చాలామందిని తరువాత ఇబ్బంది పెట్టేది పేరు తేడా. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరం ఉన్నా, పుట్టినతేదీలో ఒక అంకె మారినా, ఆ తేడా పోర్టల్‌లో నమోదై చివరికి ట్రేడు ధ్రువపత్రం దాకా వస్తుంది. చేరే ముందే ఆధార్‌ను మెమో ప్రకారం సరిచేయించుకోవాలి. చేరిన తరువాత సంస్థవారు నమోదు చేసిన వివరాలను ఒకసారి తెర మీద స్వయంగా చదివి చూడాలి. తెలుగు పేర్లను ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక అక్షరం ఎక్కువో తక్కువో కావడం మనకు కొత్త కాదు.

ప్రైవేటు సంస్థలో చేరేవారు రుసుము ఎంత, ఎన్ని వాయిదాలలో, పరీక్ష రుసుము అందులో కలిసి ఉందా, మధ్యలో మానేస్తే ధ్రువపత్రాలు తిరిగి ఇవ్వడానికి షరతులేమిటి అన్నవి రాతపూర్వకంగా తీసుకోవాలి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగాలి. ‘హాజరు మేము చూసుకుంటాం, పరీక్షకు వస్తే చాలు’ అని చెప్పే సంస్థలు లేకపోలేదు. ఆ మాట విన్న చోట నుంచి లేచి రావడం తప్ప వేరే సలహా లేదు.

శిక్షణ కాలంలో

2022 నుంచి అమలులో ఉన్న పాఠ్యప్రణాళిక ప్రకారం సంవత్సరానికి శిక్షణ 1,200 గంటలు. మొదటి సంవత్సరంలో ఇందులో 840 గంటలు ప్రాక్టికల్, 240 గంటలు ట్రేడు సిద్ధాంతం, 120 గంటలు ఉద్యోగ నైపుణ్యాలు. వీటికి తోడు 150 గంటలు పరిశ్రమలో పని లేదా ప్రాజెక్టు ఉంటుంది. ఈ 150 గంటలను కాగితం మీద పూర్తిచేసి ఊరుకోవడం సులభం గనుక, సంస్థ దగ్గరలోని ఏ పరిశ్రమకు పంపుతుందో ముందే అడగాలి. పంపకపోతే ఇన్‌స్ట్రక్టరు అనుమతితో స్వయంగా ఒక వర్క్‌షాపు వెతుక్కోవడానికి ప్రయత్నించాలి.

పరీక్షకు అర్హత పొందాలంటే హాజరు 80 శాతం ఉండాలి. అఖిల భారత ట్రేడు పరీక్షలో ప్రాక్టికల్‌కు 60 శాతం, సిద్ధాంత విషయాలకు 33 శాతం రావాలి. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాను గమనిస్తే ఈ వ్యవస్థ దేనికి విలువ ఇస్తున్నదో తెలుస్తుంది. సిద్ధాంత పరీక్ష కంప్యూటర్ మీద జరుగుతుంది కాబట్టి మౌస్ పట్టడం అలవాటు లేనివారు నమూనా పరీక్షలు ముందే రెండు మూడుసార్లు చేసుకోవాలి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారు భయపడవలసినది ట్రేడును గురించి కాదు, పారిభాషిక పదాలను గురించి. చిన్న నోటుపుస్తకంలో రోజుకు ఐదు పనిముట్ల పేర్లు, వాటి కొలతలు, ఉపయోగం రాసుకుంటే ఆరు నెలలలో ఆ కొరత తీరుతుంది. తాము చేసిన ప్రతి జాబ్‌కూ ఫొటో తీసి, తేదీతో, కొలతలతో భద్రపరచుకోవడం కూడా మంచి అలవాటు. ఇంటర్వ్యూలో ‘నీకేం వచ్చు?’ అన్న ప్రశ్నకు అది జవాబుగా ఉపయోగపడుతుంది.

ధ్రువపత్రం వచ్చాక

ముందు మూడు దారులు ఉంటాయి. నేరుగా ఉద్యోగంలో చేరవచ్చు. రెండేళ్ల ట్రేడు పూర్తిచేసినవారు పాలిటెక్నిక్ డిప్లొమా రెండో సంవత్సరంలో చేరే అవకాశాన్ని ఉపయోగించుకోవచ్చు. తెలంగాణలో దీనికి ఎల్‌పీసెట్ అనే పరీక్ష ఉంది. డిప్లొమా తరువాత ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు, కాబట్టి ఐటీఐతో చదువు ఆగిపోతుందన్న మాట నిజం కాదు. ఒక సంవత్సరం ట్రేడు ఎంచుకునేవారు మాత్రం ఈ దారి తమకు అంత సులువుగా తెరుచుకోదని ముందే గ్రహించాలి.

మూడోది అప్రెంటిస్ శిక్షణ. ఎక్కువమందికి ఇదే సరైన తొలి అడుగని నా నమ్మకం. 1961 అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. రైల్వేలు వేల సంఖ్యలో అప్రెంటిస్‌లను రాతపరీక్ష లేకుండా పదో తరగతి, ఐటీఐ మార్కుల సగటుతో ఎంపిక చేస్తాయి. రైల్వేలో శిక్షణ పూర్తిచేసినవారికి ఆ సంస్థ లెవెల్ 1, అంటే అన్నిటికన్నా కింది స్థాయి, నియామకాలలో 20 శాతం పోస్టులు కేటాయిస్తారు. మన ప్రాంతంలో సింగరేణి, రామచంద్రాపురంలోని బీహెచ్‌ఈఎల్, విశాఖ ఉక్కు కర్మాగారం, విశాఖలోని నావికాదళ డాక్‌యార్డు అప్రెంటిస్ పాఠశాల వంటివి ట్రేడుల వారీగా ప్రకటనలు ఇస్తుంటాయి. మార్కుల సగటుతోనే ఎంపిక జరిగే చోట ఐటీఐలో వచ్చిన ప్రతి మార్కూ లెక్కకు వస్తుంది కాబట్టి, 60 శాతం వస్తే చాలుననుకొని పరీక్షకు వెళ్లడం పొరపాటు.

అప్రెంటిస్‌గా చేరేవారు కేంద్ర అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో తమ పేరు నమోదు చేసుకొని, సంస్థతో కుదిరిన ఒప్పందం అందులో ఆమోదం పొందిందో లేదో చూసుకోవాలి. ఒప్పందం నమోదు కాకుండా పనిలో పెట్టుకునే సంస్థకు మీరు అప్రెంటిస్ కాదు, చవకగా దొరికిన కూలి మాత్రమే. ఆ ఏడాది ఎంత కష్టపడినా జాతీయ అప్రెంటిస్‌షిప్ ధ్రువపత్రం కోసం జరిగే పరీక్ష రాయడానికి వీలుండదు. ఒప్పందం ప్రతిని ముద్రించి, నెలనెలా బ్యాంకు ఖాతాలో పడిన స్టైపెండు వివరాలతో పాటు ఒకే ఫైలులో పెట్టుకోవాలి. ఒప్పందంలో రాసిన ట్రేడు పేరు, మీ ఐటీఐ ధ్రువపత్రంలోని ట్రేడు పేరు అక్షరం తేడా లేకుండా ఒకటిగా ఉన్నాయేమో సంతకం పెట్టే ముందే చూసుకోవాలి.